సౌమనస్యమును సంతానమును

వివాహమై రెండు మూడేండ్లు గడచినను కడుపు పండని యిల్లాలికి మన యిండ్లలో లభించు ఉపదేశములలో మిక్కిలి సులభమైనదియు, మిక్కిలి తఱచుగా వినవచ్చునదియు ఒకటి కలదు: "మనసులో ఏమీ పెట్టుకోకమ్మా, నువ్వు దిగులు మానేస్తే అన్నీ అవే జరుగుతాయి." అత్తగారు చెప్పినను, మేనత్త చెప్పినను, పొరుగింటి పెద్ద ముత్తైదువ చెప్పినను ఈ మాట ప్రేమతోనే చెప్పబడుచుండును. అయినను వినునామె చెవికి అది మఱియొక విధముగా సోకును: బిడ్డ కలుగకపోవుట నీ తప్పే, నీ మనస్సు నీ యదుపులో లేకపోవుటయే దానికి కారణము, అని. ఈ మాటలో సత్యమెంత, అసత్యమెంత అను విషయమును శరీరశాస్త్రము గత డెబ్బది యెనుబది యేండ్లలో చాలవఱకు తేల్చియున్నది. నాడీమండలము గర్భధారణను నిజముగానే శాసించుచున్నది. కాని ఆ శాసనము దిగులుపడు స్త్రీని నిందించుటకు ఏమాత్రమును ఆధారము కాదు. ఈ రెండు మాటలను విడదీయక కలిపి చెప్పవలెనన్నదే నా యుద్దేశము.

చరకసంహితలోని సూత్రస్థానమున, ఒక్కొక్క ప్రయోజనమునకు శ్రేష్ఠమైన దేదియో వరుసగా పేర్కొను ప్రకరణ మొకటి యున్నది. అందు గర్భధారణకు తోడ్పడువానిలో సౌమనస్యమునకు, అనగా మనఃప్రసన్నతకు, అగ్రస్థాన మీయబడినది. ప్రాచీనులకు నాడీకణముల సంగతి తెలియదు; వారు పరిశీలించినది మనుష్యులను, పరిశీలించినంతవఱకు సరిగానే గ్రహించిరి. అయితే ఒకటి శ్రేష్ఠమైన సహాయమనుట వేఱు, అది లేనిచో గర్భమే నిలువదనుట వేఱు. కాలక్రమమున మన లోకవ్యవహారము మొదటిదానిని రెండవదానిగా మార్చుకొన్నది. ఆ మార్పువలన కలిగిన కష్టమంతయు స్త్రీలపాలైనది.

ఇక శరీరములో జరుగు వ్యవహారమును చూతము. మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చిన్న ప్రదేశ మున్నది. ఆకలి, దప్పిక, నిద్ర, శరీరోష్ణము, భయము మొదలగువానిని కనిపెట్టి చూచునది యదియే; సంతానోత్పత్తిని నడపునదియు నదియే. ఈ రెండు బాధ్యతలును ఒకేచోట నెలకొనియుండుటవలననే మనోవ్యాకులతకును గర్భధారణకును సంబంధ మేర్పడినది. హైపోథాలమస్‌కు దిగువను పిట్యూటరీ గ్రంథి వ్రేలాడుచుండును. శరీరమందలి గ్రంథులన్నిటికి ఈ పిట్యూటరీయే అధిపతియని ఒకప్పుడు తలచెడివారు. ఇంగ్లండులో జెఫ్రీ హారిస్ అను శాస్త్రజ్ఞుడు 1940, 1950 దశకములలో చేసిన పరిశోధనలవలన ఆ యధిపతికిని పైన నొక యధిపతి కలడని తేలినది. హైపోథాలమస్ నందలి నాడీకణములు కొన్ని రసాయనములను అతిసూక్ష్మములైన రక్తనాళముల గుండ పిట్యూటరీకి పంపుచున్నవని ఆయన నిరూపించెను. ఆ రసాయనములను పట్టుకొనుటకు అమెరికాలో ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్ అను నిద్దఱు ఒకరితో నొకరు పోటీపడి యేండ్ల తరబడి శ్రమించిరి. షాలీ బృందము లక్షకు మించిన పందుల మెదడులనుండి హైపోథాలమస్ ముక్కలను సేకరించి, శోధించి, సంతానోత్పత్తికి మూలమైన హార్మోను స్వరూపమును 1971లో ప్రకటించినది. పది అమినో ఆమ్లములు మాత్రమే గల చిన్న పదార్థ మది; వైద్యులు దానిని జి.ఎన్.ఆర్.హెచ్. అందురు. 1977లో వైద్యశాస్త్రమున ఈయబడిన నోబెల్ బహుమానములో ఈ యిద్దఱికిని భాగము లభించినది.

ఈ హార్మోనును తయారుచేయు నాడీకణములు మనుష్యుని మెదడులో వేయి, రెండువేలకు మించి యుండవు. వేలకోట్ల కణములుగల మెదడులో ఈ పిడికెడు కణములపై మానవజాతి కొనసాగింపు ఆధారపడియున్నది. వీని జన్మవృత్తాంతము మఱింత ఆశ్చర్యకరమైనది. గర్భస్థశిశువునందు ఇవి ముక్కు ప్రాంతమున పుట్టి, ఘ్రాణనాడుల వెంబడి పయనించి మెదడులోనికి ప్రవేశించును. ఆ ప్రయాణము నడుమ నిలిచిపోయినవారికి వాసన తెలియదు, యౌవనమును తనంత తాను రాదు. దీనికి కాల్‌మన్ వ్యాధి యని పేరు. సంతానోత్పత్తి యనునది అండాశయములకును వృషణములకును మాత్రమే సంబంధించినదని తలచువారు ఈ యొక్క సంగతిని మనస్సున నుంచుకొనవలెను.

హార్మోను ఉన్నంతమాత్రమున చాలదు. అది ఏ లయలో వెలువడుచున్నదన్నదే ముఖ్యము. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున ఎర్న్‌స్ట్ నోబిల్ బృందము రీసస్ కోతులపై చేసి 1978లో ప్రకటించిన ప్రయోగము ఈ రహస్యమును బయటపెట్టినది. హైపోథాలమస్‌లోని ఆ హార్మోను వెలువడు భాగమును ధ్వంసము చేసిన కోతులకు హార్మోనును బయటినుండి యెక్కించి చూచిరి. గంటకొకమాఱు కొలది నిమిషములపాటు ఎక్కించినపుడు పిట్యూటరీ చక్కగా పనిచేసినది. ఎడతెగక ఎక్కించినపుడు మూగవోయినది. దేవాలయమున వేళకు మ్రోగిన గంట విని ఊరివారు లేచి వత్తురు. అదే గంట రేయింబవళ్లు ఆగక మ్రోగుచుండినచో ఎవ్వరును చెవిని పెట్టరు. స్త్రీలయందు అండము పక్వమగు దినములలో ఈ స్పందన సుమారు గంట, గంటన్నరకొకసారి కలుగును. అండము విడుదలైన పిమ్మట మూడు నాలుగు గంటలకొకసారిగా మందగించును. ప్రతి స్పందనకును పిట్యూటరీ తన హార్మోనులను రక్తములోనికి విడుచును. వానిచే ప్రేరితమై అండాశయము అండమును పెంచి, పండించి, విడుదల చేయును. మగవానియందు అదే స్పందన వృషణములను నడపును.

ఒత్తిడి వచ్చి తాకునది ఈ లయనే. మాంట్రియల్‌లో హాన్స్ సెల్యీ, ఎలుకలను చలికి, గాయమునకు, విషపదార్థములకు గుఱిచేసి చూడగా, కారణములు వేఱైనను శరీరము చూపు ప్రతిక్రియ ఒకేవిధముగా నుండెనని 1936లో 'నేచర్' పత్రికకు వ్రాసెను. ఆ ప్రతిక్రియకు నాందిపలుకు సి.ఆర్.హెచ్. అను హార్మోనును 1981లో వైలీ వేల్ బృందము గుర్తించినది. ఇదియు హైపోథాలమస్‌లోనే పుట్టును. ఆపద తోచినంతనే అది పిట్యూటరీని హెచ్చరించును. పిట్యూటరీ మూత్రపిండములపై నున్న ఎడ్రినల్ గ్రంథులను హెచ్చరించును. ఆ గ్రంథులు కార్టిసాల్‌ను విడుచును. అదే సమయమున సహానుభూత నాడీవ్యవస్థ గుండె వేగమును పెంచి, జీర్ణక్రియను మందగింపజేసి, శరీరమును పోరాటమునకో పలాయనమునకో సిద్ధపఱచును. ఈ హడావుడిలో సి.ఆర్.హెచ్., కార్టిసాల్ అను రెండును సంతానోత్పత్తి నాడీకణముల లయను మందగింపజేయును. కొంతవఱకు ఈ పని కిస్‌పెప్టిన్ అను మధ్యవర్తి గుండ జరుగును. ఆ కిస్‌పెప్టిన్ సందేశమును అందుకొనలేనివారికి యౌవనోదయమే కలుగదని 2003లో వెల్లడియైనది. లయ మందగించినపుడు అండము ఆలస్యముగా పండును, లేక అసలే పండదు. పండినను తరువాత గర్భాశయమును సిద్ధపఱచవలసిన ప్రొజెస్టిరాన్ చాలినంత ఊరదు. ఇది తీవ్రమైనచో బహిష్టులే నిలిచిపోవును.

దీనిని రోగమనుటకంటె శరీరముయొక్క వివేకమనుట యుక్తము. ఒక గర్భమును నవమాసములు మోయుటకు తల్లి సుమారు 80,000 కిలోకేలరీల శక్తిని అదనముగా వెచ్చింపవలెను, పిమ్మట స్తన్యమీయవలెను. కఱవులోనో, యుద్ధములోనో, ప్రాణభయములోనో ఉన్న స్త్రీ యందు శరీరము ఈ భారమును వాయిదా వేయుచున్నదన్నచో అది ఆమెను రక్షించుటకే.

మన రాయలసీమ ఈ సత్యమును ఘోరమైన రీతిని చవిచూచినది. 1876లో వానలు కుఱియక ప్రారంభమైన ధాత కఱవు కడప, కర్నూలు, బళ్లారి మండలములను ఊడ్చివేసినది. సహాయపుపనులలో కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని ప్రభుత్వ ప్రతినిధియైన రిచర్డ్ టెంపుల్ నిర్ణయింపగా, మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిష్ అంతటితో మనుష్యుడు బ్రదుకజాలడని గట్టిగా వాదించెను. ఆ యేండ్ల లెక్కలలో మరణముల సంఖ్యను అందఱును గమనింతురు. కాని 1878లో జననముల సంఖ్య ఎట్లు కుంగిపోయెనో అదియు గమనింపదగినదే. చనిపోయినవారి వెంట పుట్టకుండ పోయినవారును ఆ కఱవు లెక్కలో నున్నారు. వానలు తిరిగి కుఱిసి, కడుపున కింత గంజిపడిన పిమ్మట ఊళ్లలో ఊయెలలు మరల వ్రేలాడెను.

అందు ఆకలి యెంత, దిగులెంత అని విడదీయుట దుష్కరము. నెదర్లాండ్స్ పశ్చిమభాగమున 1944–45 చలికాలమునందు జర్మను సైన్యము ఆహారమును నిలిపివేయగా స్త్రీలలో సుమారు సగముమందికి బహిష్టులు ఆగిపోయినవి. అచట ఆకలియే ప్రధాన కారణమని చెప్పవచ్చును. హాంగ్‌కాంగ్‌లో జపానువారు 1942లో పరదేశీయులను బంధించిన స్టాన్లీ శిబిరమున మాత్రము మఱియొక విశేషము కనబడినది. అచట నున్న వైద్యురాలు సిడెన్‌హామ్ 1946లో వ్రాసినదానినిబట్టి, పోషకాహారలోపము ప్రభావము చూపుటకు ముందే, నిర్బంధింపబడిన వెంటనే అనేకమంది స్త్రీలకు నెలసరి నిలిచిపోయినది. భయమునకు, అనిశ్చితికి శరీరము ఎంత శీఘ్రముగా స్పందించునో దీనివలన తెలియుచున్నది. ఇదే విషయముపై బెర్లినులో హెర్మన్ స్టీవ్ అను శరీరనిర్మాణశాస్త్రజ్ఞుడు నాజీ ప్రభుత్వము ఉరిదీసిన, శిరశ్ఛేదము చేసిన స్త్రీల దేహములను కోసి, మరణదండనకు ఎదురుచూచిన కాలమున వారి అండాశయములు ఏ స్థితి నుండెనో వ్యాసములు వ్రాసెను. ఆ వ్రాతలనుండి ఒక్క వాక్యమునైనను ఆధారముగ గ్రహించుటకు నా చేయి రాదు. ఆ స్త్రీలలో పలువురు నాజీల నెదిరించి నిలిచినవారని మాత్రము జ్ఞాపకముంచుకొందము.

శాంతికాలమున సామాన్యగృహములలోని స్త్రీల మాటేమి? ఇచట మూడు పరిశోధనలు మిక్కిలి వెలుగు నిచ్చుచున్నవి. అమెరికాలో ఆన్ లౌక్స్, వ్యాయామమునకు పోగా శరీరమునకు మిగులు ఆహారశక్తి, కొవ్వు మినహాయించిన దేహభారమున ప్రతి కిలోకు దినమునకు 30 కిలోకేలరీలకంటె తక్కువకు దిగిపోయినచో, అయిదు దినములలోనే పిట్యూటరీ స్పందన చెడునని చూపెను. రెండవది జూడీ కామెరాన్, సారా బెర్గా మొదలగువారు కోతులపై చేసినది: క్రొత్తచోటికి మార్చుటవలని కలవరపాటు ఒక్కటియే యైనపుడు ఋతుచక్రము చెడినవి కొద్దియే, స్వల్పమైన ఆహారపు తగ్గింపును వ్యాయామమును మాత్రమే యైనపుడును కొద్దియే, ఈ రెండును ఒక్కసారి కూడినపుడు మాత్రము అధికసంఖ్యాకములకు చెడినది. ఈ ప్రయోగము తెలిసినప్పటినుండి నాకు మన నగరములందలి యువతులే కన్నులయెదుట మెదలుచున్నారు. తెల్లవాఱుజామున లేచి వంట ముగించి, ఉపాహారము మానుకొని, బస్సులో నిలుచుండి ఉద్యోగమునకు పోయి, రాత్రి యింటికి వచ్చి మరల వంటయింట నిలుచు స్త్రీకి ఏ యొక్క కష్టమును దుర్భరముగ తోచదు. దేహము మాత్రము అన్నిటిని కలిపియే లెక్కవేయును.

మూడవది బెర్గా బృందము 2003లో ప్రకటించినది. మఱే రోగమును లేక కేవలము హైపోథాలమస్ మందగించుటచేతనే బహిష్టులు నిలిచిన పదునాఱుగురు స్త్రీలను ఎన్నుకొని, ఎనమండుగురకు ఇరువది వారములపాటు ఆలోచనారీతిని, భోజనపు అలవాట్లను, తమనుగూర్చి తాము పెట్టుకొన్న కఠినమైన నియమములను సరిదిద్దు మానసికచికిత్స నిచ్చిరి. తక్కిన యెనమండుగురను పరిశీలించుచు ఊరకుండిరి. చికిత్స పొందినవారిలో ఆఱుగురకు అండము విడుదలగుట మరల ప్రారంభమైనది, ఇంకొకామెకు కొంత మేలు కలిగినది. పొందనివారిలో ఒక్కతెకు మాత్రమే అండము విడుదలయ్యెను. సంఖ్య చిన్నదే. అయినను మందుబిళ్ల ఒక్కటియు లేక, మాటచేతను ఆలోచనచేతను అండాశయమును మేల్కొల్పవచ్చుననుట సామాన్యవిషయము కాదు. అయితే ఇది నెలసరి నిలిచిన స్త్రీలకు సంబంధించిన ఫలితము. నెలనెలా క్రమముగా బహిష్టగుచు గర్భము రాని స్త్రీకి దీనిని యథాతథముగా అన్వయింపరాదు.

మగవారిని ఈ చర్చనుండి తప్పించుట మన అలవాటు, శరీరశాస్త్రము తప్పింపలేదు. శుక్రకణమొకటి తయారగుటకు సుమారు 74 దినములు పట్టును గనుక, నేటి జ్వరము, నేటి కలవరము రెండు మూడు నెలల పిమ్మటి వీర్యపరీక్షలో కనబడవచ్చును. 1995 జనవరిలో జపానులోని కోబె నగరమున భూకంపము వచ్చినపుడు, ఇండ్లు దెబ్బతిన్న కొందఱు పురుషుల శుక్రకణముల చలనశక్తి తగ్గినదని ఫుకుదా మొదలగువారు మఱుసటియేట ప్రకటించిరి. దాంపత్యక్రియ నాడీమండలముపై ఎంతగా ఆధారపడునో అదియు చెప్పవలసినదే: అంగస్తంభనకు ప్రశాంతస్థితిని పాలించు పరసహానుభూత నాడులు కారణము, స్ఖలనమునకు సహానుభూత నాడులు కారణము. వైద్యుడు చెప్పిన తేదీకి, చెప్పిన రాత్రికి తప్పక కలియవలెనన్న నిర్బంధములో మొదటి నాడులు వెనుకాడుట పౌరుషలోపము కాదు. ఆందోళనపడిన దేహముయొక్క సహజధర్మము. ఈ సంగతి తెలియక సిగ్గుతో నోరు విప్పని భర్తలును, వారి మౌనమును అయిష్టముగా భావించి కుములు భార్యలును ఎందఱో!

ఇక మొదట చెప్పిన ఉపదేశమునకు వత్తము. దైనందినమైన దిగులు గర్భమును ఆపునా? కార్డిఫ్ విశ్వవిద్యాలయమునకు చెందిన జాకీ బోయివిన్ బృందము 2011లో 14 పరిశోధనలలోని 3,583 మంది స్త్రీల వివరములను ఒకచోట చేర్చి, కృత్రిమ గర్భధారణ చికిత్సకు ముందు వారు పడిన ఆందోళనకును ఆ విడతలో గర్భము నిలుచుటకును సంబంధము కానరాదని తేల్చెను. 2014లో కోర్ట్నీ లించ్ బృందము మిషిగన్, టెక్సాస్ రాష్ట్రములలో సహజముగా సంతానమునకై యత్నించుచున్న దంపతులను పరిశీలించి, లాలాజలమున సహానుభూత నాడుల ఉద్రేకమును సూచించు ఆల్ఫా అమైలేస్ అత్యధికముగానున్న స్త్రీలకు నెలనెలా గర్భము వచ్చు అవకాశము, అత్యల్పముగానున్నవారికంటె 29 శాతము తక్కువయని చెప్పెను. కార్టిసాల్‌తో మాత్రము అట్టి సంబంధము కనబడలేదు. పైకి ఈ రెండును పరస్పరవిరుద్ధములుగా తోచును. కాని కృత్రిమచికిత్సలో హార్మోనులను సూదిమందుగా నిత్తురు గనుక హైపోథాలమస్ ప్రమేయము అచట చాల స్వల్పము. సహజయత్నములో దాని లయయే సర్వస్వము. అదిగాక 29 శాతము తగ్గుట అనగా ఆలస్యమగుట, అసాధ్యమగుట కాదు. కావున "దిగులుపడితివి కనుకనే చికిత్స విఫలమైనది" అని ఒక స్త్రీతో ననుటకు మనయొద్ద ఆధారము లేదు. అట్లనువారు ఆమె దుఃఖమునకు నేరమును కూడ జతచేయుచున్నారు.

దిగులువలన సంతానలేమి కలుగుట అరుదు. సంతానలేమివలన దిగులు కలుగుట నిత్యము. మనస్తత్వశాస్త్రజ్ఞురాలు ఆలిస్ డోమార్ 1993లో పోల్చిచూడగా, సంతానము లేని స్త్రీల ఆందోళనయు విషాదమును క్యాన్సరు, గుండెజబ్బు గలవారితో సమానముగా నుండెను. మన దేశమున ఆ భారమునకు పేరంటములు తోడగును. పెండ్లి విందులో "ఏమైనా విశేషమా?" అని చిఱునవ్వుతో నడుగు ప్రశ్న, తోడికోడలి సీమంతమునకు పిలువకుండ దాటవేయుట, బారసాలనాడు బిడ్డను చేతికీయుటకు సందేహించుట: ఇవన్నియు చిన్నవియే, కాని ఇరువది మందినుండి పదేండ్లు భరింపవలసివచ్చినచో చిన్నవి కావు. దిగులు మానుమని ఆమెకు చెప్పుటకంటె ఈ మాటలను మనము మానుట సులభము. ఉపాయము మన చేతిలోనే యుండగా ఆమె మనస్సును సరిదిద్దబోవుట న్యాయము కాదు.

సంతానలేమి విరళమైనది కాదు. ప్రపంచమున ఆఱుగురిలో ఒకరు జీవితకాలమున ఎప్పుడో యొకప్పుడు దానిని అనుభవింతురని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించినది. ఒక సంవత్సరము యత్నించినను గర్భము రానిచో దంపతు లిద్దఱును కలిసి వైద్యుని దర్శింపవలెను. భార్యకు ముప్పదియైదేండ్లు దాటినచో ఆఱు నెలలే గడువు. వీర్యపరీక్ష అన్నిటికంటె సులభము, చవుక. అయినను ఆమెను అన్ని పరీక్షలకును త్రిప్పిన పిమ్మట చివరకు గాని భర్త ముందుకు రానియిండ్లు నేటికిని గలవు. మూడు నెలలు బహిష్టు రాకున్నచో, గర్భము లేదని తేలిన పిమ్మట, థైరాయిడ్‌ను ప్రొలాక్టిన్‌ను పరీక్షింపజేసికొని, ఇటీవల దేహభారము తగ్గినదా, భోజనము మానుచున్నారా, నిద్ర చాలుచున్నదా యని యోచింపవలెను. ప్రాణాయామము, నడక, ధ్యానము మనస్సునకు హాయి నిచ్చునవి. ఆ హాయికొఱకే వానిని చేయవచ్చును. కాని మన దేశమున అండవాహికలను మూసివేయు కారణములలో క్షయ ఒకటి. మూసికొనిన అండవాహికను ఏ ధ్యానమును తెఱవజాలదు. విషాదరోగమునకు మందులు వాడుచున్నవారు గర్భముకొఱకని వానిని తమంత తాము మానరాదు. వైద్యుని సలహాతోనే మార్చుకొనవలెను.

2021లో మన పార్లమెంటు చేసిన సహాయక పునరుత్పత్తి సాంకేతిక చట్టము ప్రకారము, చికిత్సనిచ్చు ప్రతి క్లినిక్కును దంపతులకు ఆ చికిత్స పర్యవసానములను, తమయొద్ద గర్భము నిలుచు అవకాశములను వివరించు వృత్తిపరమైన కౌన్సెలింగు నీయవలెను. డబ్బు కట్టి సంతకము చేయుటకు ముందే దంపతులు దానిని అడుగవచ్చును. ఆ గదిలో ఇద్దఱికిని కుర్చీలు వేయుమనియు అడుగవచ్చును.